ఆవిరిపెట్టె: కర్రను కోయక వంచు విధము

(హోసూరులో జరిగిన వృత్తిదారుల సమావేశమున మన సంఘ సభ్యులగు కలప వర్తకులొకరు చేసిన ఉపన్యాస పాఠము)



నేను కలప అమ్ముకొనువాడను గాని ఉలి పట్టి జీవించువాడను గాను. పదవ తరగతితో చదువు చాలించి మా తండ్రిగారి అడితిలో కూర్చుండిన నాటినుండి నేటివరకు కర్రను, కర్ర కొనవచ్చువారిని చూచుటయే నా విద్య. అట్టివాడు వడ్రంగుల సభలో పనితనమును గూర్చి మాటాడుట తాతకు దగ్గులు నేర్పినట్లుండును. అయినను సంఘ కార్యదర్శిగారు పట్టుపట్టిరి. గడచిన వర్షకాలము మొదలు మా అడితి పెరటిలో, ఇద్దరు వడ్రంగి సోదరుల సాయముతో, ఒక ఆవిరిపెట్టె నడచుచున్నది. దానిని చూడవచ్చినవారు వేరువేరుగా అడుగుచున్న ప్రశ్నలకు ఒకమారు నలుగురిలో సమాధానము చెప్పుట మంచిదని వారి యభిప్రాయము. కావున నేను చూచినది, చదివి తెలిసికొన్నది మనవి చేసెదను. పనివారు లోపములు సవరింతురు గాక.

మొదట ఈ పని మనకేల కావలెనో చెప్పవలసియున్నది. కుర్చీ వెన్నుకు వంపు, ఊయలతొట్టికి గూడు, తలుపుపైని కమాను, వాలుకుర్చీకి చేతులు కావలెనని వచ్చినవారిని "వంపు పని మావలన కాదు" అని పంపివేయు సోదరులు మనలో పెక్కురు కలరు. వారిని తప్పుపట్టను. రంపముతో వంపు కోసి ఇచ్చినచో కర్ర ఖరీదులోనే కూలి కరగిపోవును. అడుగవచ్చినవాడు తిరిగిపోయి ప్లాస్టిక్ కుర్చీనో ఇనుపగొట్టముల కుర్చీనో కొనును. ఒకమారు అట్లు పోయిన బేరము మరల మన గడప తొక్కదు. తండ్రికి పోయిన బేరము కుమారునికి పోయిన వృత్తి యగును. ఈ సభలో పదునైదు, పదునారేండ్ల బాలురు కూర్చుండియున్నారు. మన యూరిలో కర్మాగారములకు కొదువ లేదు. కోరి అచ్చటికి పోవువారు సుఖముగా పోవచ్చును. ఇంటిలోని ఉలి అన్నము పెట్టలేక పోవలసివచ్చుట మాత్రము వేరు మాట. ఆ రెండవ స్థితి రాకుండుటకు మన చేతిలో ఒక పని యెక్కువగా నుండవలెను.

ఇక లెక్క చూతము. కుర్చీ వెన్నుకు అరవృత్తపు బద్ద యొకటి కావలెననుకొందము. కేంద్రమునుండి లోపలి అంచు 12 అంగుళములు, వెలుపలి అంచు 13 అంగుళములు. దీనిని ఒకే పలకలో కోయుటకు 26 అంగుళముల పొడవు, 13 అంగుళముల వెడల్పు గల పలక కావలెను. అనగా 338 చదరపు అంగుళములు. అందు మనకు దక్కు వంపుబద్ద సుమారు 39 చదరపు అంగుళములు మాత్రమే. మిగిలినదానిలో చిన్న వంపులు కొన్ని తీయవచ్చును గాని చాల భాగము పొయ్యిపాలగును. అదే బద్దను వంచి చేసినచో 1 అంగుళము మందము, 41 అంగుళముల పొడవు గల కర్ర చాలును. మీరు ఎంత కోసి పారవేసిన నాకంత వ్యాపారము. అయినను ఈ లెక్క చెప్పుచున్నాను. వడ్రంగి నిలిచినచో అడితి నిలుచును. వడ్రంగి పోయిన వెనుక అడితిలో కర్ర చెదలకు గాక మరెవ్వరికి?

ఖరీదుకన్న బలము మాట పెద్దది. కర్రలో నార నిలువున పోవును. వంపు కోసినపుడు కొన్నిచోట్ల నార అడ్డముగా తెగి పొట్టిపడును. బరువు పడినపుడు కర్ర సరిగా ఆ చోటనే విరుగును. మన బండిచక్రమును చూడుడు. పూటీలను కోసి కూర్చిన తరువాత ఇనుపపట్టాను కాచి చుట్టు ఎక్కించి నీరు పోసి బిగింతురు. ఆ ఇనుపకట్టు లేనిదే ఆ కూర్పు నిలువదు. వంచిన కర్రలోనన్ననో నార ఈ చివరనుండి ఆ చివరకు తెగక వంపువెంబడి పోవును. అందుచేత సన్నని బద్దయే మందపు కోతబద్ద పని చేయగలదు.

కర్ర యేల వంగును? అందు సెల్యులోజు అను నారయు, నారలను కూర్చి పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థమును కలవు. తడితో కూడిన వేడి తగిలినపుడు లిగ్నిన్ మెత్తబడును. చల్లారి ఆరిన వెనుక మరల గట్టిపడును. లక్కను కాచి తీర్చినట్లే యనుకొనుడు. అయితే ఇచ్చట ఒక మర్మము కలదు. వంచినపుడు కర్ర లోపలి ముఖము అణగవలెను, వెలుపలి ముఖము సాగవలెను. ఉడికిన మంచి కర్ర తన నిడివిలో నూటికి 25 పాళ్ళవరకు అణగగలదు. సాగుటకు మాత్రము నూటికి 2 పాళ్ళను మించి యొప్పుకొనదు. అంగుళము మందము గల బద్దను అరవృత్తముగా వంచినచో, వలయము పెద్దదైనను చిన్నదైనను, వెలుపలి అంచు లోపలి అంచుకన్న 3 అంగుళములకు పైగా ఎక్కువ యుండవలెను. మన కుర్చీవెన్నులో ఇది నూటికి 8 పాళ్ళకు దగ్గర. సాగి ఆ తేడా తీర్చుట కర్రకు శక్యము కాదు, చిట్లును. అణగి తీర్చుట సులభము. కాబట్టి వెలుపలి ముఖమును సాగనీయక, తేడా అంతయు లోపలి ముఖము అణగుటచేతనే తీరునట్లు చేయుటయే ఈ విద్య సారము.

ఈ మర్మమును వ్యాపారముగా మార్చినవాడు మిఖాయేల్ తోనెట్ అను వడ్రంగి. అతడు 1796లో రైను నదీతీరమున బొప్పార్డు అను పట్టణమున జన్మించి, తరువాత వియన్నాకు చేరెను. మొదట పలుచని చెక్కలను జిగురుతో అతికి వంచెడివాడు. పిదప గట్టికర్రనే ఆవిరిలో ఉడికించి, వెలుపలి ముఖమున ఇనుపపట్టీ బిగించి వంచు విధమును సాధించి 1856లో దానిపై హక్కు పొందెను. బీచి వృక్షముల అడవులు దగ్గరనుండుటచే మొరేవియా దేశమున కొరిచానీలో కర్మాగారము పెట్టెను. 1859లో వచ్చిన అతని 14వ నంబరు కుర్చీకి కర్రభాగములు 6, మరమేకులు 10, నట్లు 2. విడదీసి సర్దినచో ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టెడివి. ఓడలకెక్కించి దేశదేశములకు పంపిరి. 1930 నాటికి సుమారు 5 కోట్ల కుర్చీలు అమ్ముడుపోయినవి. వర్తకుడనగుటచే ఈ పెట్టె లెక్క నా మనస్సునకు హత్తినది. దీనికంతకు మూలము మీరు ప్రతిదినము ఇంటిలో చూచు ఆవిరియే.

ఇక పెట్టె నిర్మాణము. మన తల్లులు కుండమూతికి వాసెన కట్టి కుడుములు ఉడికించుట మీరెరుగుదురు. క్రింద నీరు కాగుచుండును, పైన గుడ్డమీద పిండి ఉడుకుచుండును, ఆవిరి యెక్కడను బిగియదు. మన పెట్టెయు అంతే. 5 అడుగుల పొడవు, లోపల 6 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల ఎత్తు ఉండునట్లు ముప్పాతిక అంగుళపు చవుక పలకలతో నాలుగువైపుల పెట్టె కూర్పుడు. జిగురు వలదు, ఆవిరికి విడిపోవును. ఇత్తడి మరమేకులు వాడుడు. లోపల రంగు పూయవలదు. ఒక చివర శాశ్వతముగా మూసి, రెండవ చివర మడతబందులతో చిన్న తలుపు పెట్టి, అంచులకు పాతగుడ్డ చుట్టుడు. అడుగునుండి 2 అంగుళముల ఎత్తున, ప్రతి 9 అంగుళములకు ఒక వెదురుపుల్ల అడ్డముగా దూర్చుడు. కర్ర ఆ పుల్లలమీద నిలిచిననే ఆవిరి నలువైపుల తగులును. పెట్టెపై గోనెసంచులు రెండు మూడు పొరలుగా కప్పినచో వేడి నిలుచును. ప్లాస్టిక్ గొట్టమును పెట్టెగా వాడవచ్చునా యని కొందరడిగిరి. మామూలు పి.వి.సి. గొట్టము మరుగు ఆవిరికి మెత్తబడి క్రుంగును. కర్రపెట్టెయే మేలు.

నీరు కాచుటకు వెడల్పు మూతి గల గుండిగ చాలును. మూతగా దళసరి చెక్కపలక నొకదానిని గుండ్రముగా కోసి, దాని నడుమ ఒకటిన్నర అంగుళపు రంధ్రము చేసి, అందు పొట్టి లోహపు గొట్టము బిగింపుడు. ఆ గొట్టము పెట్టె అడుగుభాగము నడుమనున్న రంధ్రములోనికి పోవును. పెట్టెను రెండు బల్లలమీద ఆనించి, గుండిగను పొయ్యిపై దాని క్రింద ఉంచుడు. మూతను గుండిగకు బిగింపరాదు, తన బరువుతోనే కూర్చుండవలెను. దైవవశమున గొట్టము పూడినను మూత లేచి ఆవిరి వెడలిపోవును. మూతకు రెండవ రంధ్రము చేసి, అడుగుపొడవు గల సన్నని గొట్టము నొకదానిని నిటారుగా దింపుడు. దాని క్రిందికొన గుండిగ అడుగునకు 2 అంగుళములపైన నీటిలో మునిగియుండవలెను. నీరు తగ్గి ఆ కొన బయటపడగానే గొట్టమునుండి ఆవిరి బుస్సున వచ్చును. మరుగు నీరు పోయవలసిన వేళ యైనదని అదే పిలిచి చెప్పును. చన్నీరు పోయరాదు, పెట్టెలోని వేడి పడిపోవును. మంచి పొయ్యిమీద గంటకు 2, 3 లీటర్ల నీరు ఖర్చగును. ఒక లీటరు నీరు 1,600 లీటర్లకు పైగా ఆవిరి యగును. మన పెట్టె లోపలి చోటు 35 లీటర్లు మాత్రమే గనుక ఆవిరికి కొరత లేదు.

పెట్టె వెనుకకొన ఒక అంగుళము పల్లముగా నుండునట్లు ఆనించి, ఆ కొన అడుగున అరయంగుళపు రంధ్రము చేయుడు. చల్లబడిన నీరు దానినుండి కారిపోవును, మిగులు ఆవిరియు దానినుండి వెడలును. ఆ రంధ్రమును ఎన్నడును మూయరాదు. తలుపుదగ్గర పైభాగమున ఉష్ణమాపకమునకు మరియొక సన్న రంధ్రము చేయుడు. పుస్తకములలో 100 డిగ్రీలని యుండును. మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట నీరు 97 డిగ్రీలకే మరుగును. కావున 96, 97 చూపినచో పెట్టె సరిగా నున్నదని గ్రహింపుడు, 100 కొరకు ఎదురుచూచి గ్యాసు వృథా చేయవలదు. యానాము, బరంపురము సోదరులకు 100కు దగ్గరగా చూపును.

కర్ర నెన్నుటలో సగము పని యున్నది. నార తిన్నగా నుండవలెను, ముడులు, పగుళ్ళు ఉండరాదు. నార పలక ముఖమునకు ఏటవాలుగా వెడలిన చోటనే చిట్లు పుట్టును. రంపముతో కోసినదానికన్న నారవెంబడి చీల్చిన బద్ద మేలు. యంత్రపు వేడిగదిలో బాగుగ ఎండించిన కలప దీనికి పనికిరాదు. నీడలో సగమారిన కర్ర, అనగా నూటికి 20, 25 పాళ్ళ తేమ గలది, ఉత్తమము. మన ప్రాంతమున దొరకువానిలో చరాచి మంచిది. దీనినే కన్నడమున తడసలు అనియు, తమిళమున చడచ్చి అనియు అందురు. సాగుబాటు గలదగుటచే పూర్వమునుండి కావడిబద్దలకు, బండినొగలకు పేరుపొందినది. కంబళిచెట్టు, అనగా పట్టుపురుగులకు ఆకువేయు మల్బరీ, మరియొకటి. జలంధరులో హాకీకర్రల కొనలు వంచుటకు దీనినే వాడుచు వచ్చిరి. నరికి పొదలుగా పెంచు తోటలలో బద్ద దొరకదు. గట్టుమీద చెట్టుగా ఎదిగినది కావలెను. టేకు కొద్ది వంపునకు లొంగును గాని చిన్న వలయమునకు లొంగదు.

వంచుటకు ముందే అచ్చు సిద్ధముగా నుండవలెను. దళసరి పలకలను అతికి వంపు ఆకారమున కోసిన దిమ్మెయే అచ్చు. విడిచిన వెనుక కర్ర కొంచెము వెనుకకు తెరచుకొనును గనుక అచ్చు వంపు కావలసినదానికన్న కొంచెము బిగువుగా నుండవలెను. ఇక తోనెట్ ఇనుపపట్టీ. బద్దకు సరిపడు వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటరు మందము గల ఉక్కురేకు పట్టీ తీసికొని, దాని రెండు చివరల గట్టికర్ర దిమ్మెలు బోల్టులతో బిగింపుడు. బద్ద ఆ రెండు దిమ్మెల నడుమ కదలక ఇమిడియుండవలెను. వంచునపుడు పట్టీ వెలుపలివైపున నుండి, దిమ్మెలు కర్రను రెండు చివరలనుండి నొక్కి పట్టును. వెలుపలి ముఖము సాగనేరదు, లోపలిది అణగును. ఇందాక చెప్పిన మర్మమునకు ఇదియే ఉపాయము.

ఇక కాలము. అంగుళము మందమునకు గంటసేపు ఆవిరి పట్టవలెను. అరయంగుళమునకు అరగంట, ముప్పాతికకు మూడుపాతిక గంట. పెట్టె పూర్తిగా వేడెక్కి ఉష్ణమాపకము నిలుకడపడిన తరువాతనే కాలము లెక్కింపవలెను. ఎక్కువసేపు ఉంచిన మరింత మెత్తబడునని తలపరాదు. కర్ర పెళుసెక్కును, లోపలి ముఖము ముడతలు పడును. పెట్టెనుండి తీసిన తరువాత మనకు మిగులు సమయము అరనిమిషమునుండి ఒక నిమిషము. ఆ లోపల పట్టీలో ఇమిడ్చి, అచ్చునకు నడుమ బిగించి, ఇద్దరు రెండువైపుల నుండి ఒకే ఒరవడిగా, కుదుపక, ఆగక వంచి క్లాంపులతో బిగింపవలెను. అందుచేత చల్లని బద్దతో, వంచక, రెండుమూడు మార్లు అభ్యాసము చేసికొనుడు. ఎవ్వరు ఎచ్చట నిలువవలెను, ఏ క్లాంపు ముందు, ఏది వెనుక యని నోటితో చెప్పుకొనుడు. పెండ్లిపందిరిలో ముహూర్తము వచ్చిన వెనుక మంగళసూత్రము ఎచ్చటనని వెదకినట్లు కారాదు.

ఒక రాత్రియైన అచ్చుమీద ఉంచి, తరువాత రెండు చివరలను అడ్డకర్రతో కట్టి నీడలో వారము, పదిదినములు ఆరనిండు. తొందరపడి విప్పినచో వంపు తెరచుకొనును. వెలుపల చిట్లినచో పట్టీ వదులైనదనియో, నార ఏటవాలుగా నున్నదనియో గ్రహింపుడు. లోపల ముడుతలు పడినచో ఎక్కువగా ఉడికినదనియో, దిమ్మెలు మితిమీరి బిగిసినవనియో తెలియును. నల్లమచ్చలు పడినచో తడికర్రకు ఇనుము తగిలినదని యర్థము; కర్రలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడును. పట్టీకి కర్రకు నడుమ దళసరి కాగితమో ప్లాస్టిక్ పొరయో వేసినచో ఈ మచ్చ పడదు. మొదటి పది బద్దలలో రెండు మూడు విరిగినను నిరాశపడవలదు. విరిగినదానిని పారవేయక, ఎచ్చట విరిగినదో చూచి నేర్చుకొనుడు.

జాగ్రత్తలను గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునపుడు సుమారు 540 కెలోరీల వేడిని విడుచును. అందుచేతనే ఆవిరి కర్రను త్వరగా ఉడికించును. అందుచేతనే చేతిని సలసలకాగు నీటికన్న ఘోరముగా కాల్చును. తలుపు తీయునపుడు ఎదుట నిలువక ప్రక్కగా నిలువుడు. దళసరి తోలుచేతొడుగులు, పొడుగు చేతుల చొక్కా వలయును. నిలువుగొట్టమున నీరు పోయునపుడు ముఖము దాని మీదికి వంచరాదు. పెట్రోలు, కిరసనాయిలు పోసిన పాతడబ్బాలను పొయ్యిమీద పెట్టరాదు. నీటిపాత్రను బిగించి మూసి, వెడలు దారిలేక ఆవిరిని పట్టుట బాంబు చేయుటతో సమానము. ప్రెషరు కుక్కరు వాడుదుమనువారికి నా ప్రార్థన: వంటింటి వస్తువును దాని పనికే విడువుడు. పొయ్యి ఆరుబయట నుండవలెను. పిల్లలు దూరముగా నుండవలెను.

ఇక ముగించెదను. మా పెరటి పెట్టెకు క్రొత్తగా కొన్నది ఉష్ణమాపకము, ఇత్తడి మరమేకులు, ఉక్కుపట్టీ మాత్రమే. తక్కినదంతయు అడితిలో పడియున్న చెక్క, ఇంటిలోని గుండిగ. ఇట్టి పెట్టె ప్రతి ఇంట నుండనక్కరలేదు. సంఘమునకు ఒకటి, ఐదారు కొలతల అచ్చులు, రెండు మూడు పట్టీలు ఉన్నచో వంతులవారీగా అందరు వాడుకొనవచ్చును. అచ్చులు చేయుటకు వలయు కలపను నా అడితినుండి ఉచితముగా ఇచ్చుటకు సిద్ధముగా నున్నాను. పని నేర్పుటకు నాతో పనిచేసిన సోదరులిద్దరు ఆదివారములలో మధ్యాహ్నము వచ్చుట కొప్పుకొన్నారు. కావలసినది పేర్లు వ్రాయించుకొను యువకులు. నేటి సభ ముగియునాటికి కనీసము ఆరుగురి పేర్లు కార్యదర్శిగారి పుస్తకమున నెక్కవలెనని నా కోరిక.

మన పెద్దలు "మొక్కై వంగనిది మానై వంగునా" యనిరి. బాలుర విషయమున ఆ మాట నిజమే. అందుకే ముందుగా వారిని పిలుచుచున్నాను. మానుగా ఎదిగిన మనము నిరాశ పొందనక్కరలేదు. తగినంత ఆవిరి, తగినంత ఓర్పు ఉన్నచో మానును వంచవచ్చునని మా పెరటిలోని కుర్చీవెన్ను సాక్ష్యము చెప్పుచున్నది.